ముందు అంటు, తర్వాతే కోత: ఎల్మ్ బోన్సాయ్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల తోట శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఎల్మ్ బోన్సాయ్ గురించే. చిన్న ఆకు, ఒత్తుగా చిగురించే గుణం, కోతను తట్టుకునే మొండితనం ఉన్నందువల్ల అమెరికా, కెనడాల్లో స్థిరపడిన మన పాఠకుల్లో బోన్సాయ్ మొదలుపెట్టినవారు తరచూ ఈ చెట్టునే ఎంచుకుంటున్నారు. గాలి అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించే పద్ధతి) ఎప్పుడు కట్టాలి, కాండం ఎప్పుడు నరకాలి అన్న సందేహాలే అన్ని ఉత్తరాల్లోనూ మళ్లీ మళ్లీ కనిపించాయి కనుక, నాలుగింటిని ఎంచుకుని వివరంగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను నార్త్ కరోలినాలోని రాలీలో ఉంటున్నాను. నాలుగేళ్ల క్రితం నర్సరీ నుంచి తెచ్చిన చైనీస్ ఎల్మ్‌ను పెరట్లో నేలలోనే నాటాను. ఇప్పుడు మొదలు దగ్గర 7 సెంటీమీటర్ల మందం ఉంది, ఎత్తు 2 మీటర్లు దాటింది. కానీ కాండం కింది నుంచి పైదాకా గుంజలాగా దాదాపు ఒకే లావున ఉంది. దీన్ని పొట్టిగా నరకక తప్పదని తెలుసు. ఫిబ్రవరిలో నరకమని కొందరు, నరికి పారేసే బదులు మే నెలలో గాలి అంటు కట్టి పైభాగాన్ని కూడా చెట్టు చేసుకోమని కొందరు చెబుతున్నారు. రెండూ ఒకే ఏడాదిలో చేయవచ్చా? ఏది ముందు?

జవాబు: ఈ ఫిబ్రవరిలో మీ చెట్టుకు రంపం తగలనివ్వకండి. ముందు అంటు, ఆ తర్వాతే కోత. ఆ కోత కూడా వచ్చే ఏడాది ఫిబ్రవరి చివరి మాట. ఈ రెండు పనులనూ ఒకే పథకంలో భాగాలుగా చూస్తే ఒక చెట్టు నుంచి రెండు చెట్లు వస్తాయి. విడివిడిగా చూసి తొందరపడితే ఉన్న చెట్టు కూడా నీరసించిపోతుంది.

ఎందుకో అర్థం కావాలంటే బెరడు లోపల జరిగే పనిని ఒకసారి తలచుకోవాలి. వేళ్లు పీల్చిన నీరు కాండంలోని చెక్క భాగం గుండా పైకి పోతుంది. ఆకులు తయారుచేసిన చక్కెర మాత్రం బెరడుకు లోపలివైపు ఉన్న పొర గుండా కిందికి దిగుతుంది. వేళ్లు పుట్టడానికి ప్రేరణనిచ్చే ఆక్సిన్ అనే హార్మోను కూడా చిగుళ్ల నుంచి కిందికే ప్రయాణిస్తుంది. గాలి అంటు కోసం బెరడును ఉంగరంలాగా ఒలిచినప్పుడు పైకి పోయే నీరు ఆగదు. కిందికి దిగే చక్కెర, ఆక్సిన్ మాత్రం ఉంగరం పై అంచు దగ్గర ఆగి పోగుపడతాయి. అక్కడే గాయం మానే కండ ఉబ్బి, అందులోంచి వేళ్లు బయటికి వస్తాయి. అంటే అంటు వేళ్లను పోషించేది పైనున్న ఆకే. ఫిబ్రవరిలో పైభాగం నరికేస్తే మే నెలలో అంటు కట్టడానికి ఆ ఆకూ ఉండదు, ఆ కాండమూ ఉండదు. మోడు మీద పుట్టిన పెన్సిలంత లావు లేని కొత్త రెమ్మలు మాత్రమే ఉంటాయి.

ఇక మే నెల అన్న మాటను కూడా క్యాలెండర్‌లో కాక ఆకులో చూసుకోవాలి. వసంతంలో విచ్చుకునే లేత ఆకు కిందటి ఏడాది కాండంలోనూ వేళ్లలోనూ దాచిన నిల్వ మీద బతుకుతుంది. అది చెట్టు దగ్గర అప్పు తింటున్న దశ. ముదిరి, లేత ఆకుపచ్చ నుంచి ముదురు రంగుకు మారి, పైతలం కాస్త మెరుస్తూ వేళ్ల మధ్య తోలులా గట్టిగా తగిలినప్పుడే ఆ ఆకు చెట్టుకు తిరిగి చెల్లించడం మొదలుపెడుతుంది. అంటు కట్టవలసింది ఆ దశలోనే. మీ రాలీలో ఇది సాధారణంగా ఏప్రిల్ చివర, మే సగం మధ్య వస్తుంది. వసంతం ఆలస్యమైన ఏడాది మరో వారం, పది రోజులు ఆగండి. ఆకు ముదిరేనాటికి కాండంలో రసం బాగా పారుతుంటుంది కనుక బెరడు కూడా కత్తి పెట్టగానే శుభ్రంగా ఊడి వస్తుంది. మొగ్గలు విచ్చుకుంటున్నప్పుడే అంటు కట్టినవారు నెలన్నర పాటు అంటుకు చుట్టిన తడి నాచును కాపలా కాసి, చివరికి ఏమీ కనిపించక నిరాశపడటం నేను చాలాసార్లు చూశాను.

ఈ ఫిబ్రవరిలో మీరు చేయవలసిన పని ఒక్కటే: ఆకులు రాలిన చెట్టు ముందు కూర్చుని సుద్దముక్కతో రెండు గీతలు గీయండి. మొదటి గీత తల్లి చెట్టు కోతకు. పొట్టిగా, బలంగా కనిపించే బోన్సాయ్‌లో ఎత్తు మొదలు మందానికి సుమారు 6 రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. మీ చెట్టు మొదలు 7 సెంటీమీటర్లు కనుక తుది ఎత్తు 42 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మొదటి కోత అందులో మూడో వంతు దగ్గర, అంటే 14 సెంటీమీటర్ల ఎత్తున పడితే, ఆపైన కొత్త రెమ్మతో కట్టే భాగానికి సన్నబడుతూ పోయే వీలు దొరుకుతుంది. ఇది శాసనం కాదు, ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా నష్టం లేదు. రెండో గీత అంటుకు. వేళ్లు ఉంగరం పై అంచు నుంచే పుడతాయి కనుక, ఈ గీత పడే చోటే రేపు అంటు మొక్కకు నేల మట్టం అవుతుంది. కాండం ఎక్కడ కొంచెం వంపు తిరిగిందో, ఎక్కడ రెండు మూడు కొమ్మలు విడిపోయి అడుగు కాస్త లావెక్కిందో వెతికి, సరిగ్గా దాని కింద గీయండి. గుంజలాంటి భాగం మధ్యలో గీస్తే మీకు వచ్చేది వేళ్లున్న మరో గుంజే.

ఈ రెండు గీతలూ ఒకదానినొకటి ఆనుకుని ఉండనక్కరలేదు, ఉండకపోవడమే మేలు. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. ఉంగరం ఒలిచిన రోజు నుంచి పైనున్న ఆకుల చక్కెర తల్లి చెట్టు వేళ్లకు అందదు. ఉంగరానికి కింద ఒక్క ఆకు కూడా లేకపోతే ఆ వేళ్లు వేసవి అంతా పాత నిల్వ తింటూ ఉపవాసం ఉండాలి. ఎల్మ్ గట్టి చెట్టు కనుక చచ్చిపోదు గానీ, మర్నాటి ఏడాది కోత తర్వాత చిగురించవలసిన సత్తువ ఆ మేరకు తగ్గిపోతుంది. అందుకే కింద ఉన్న చిన్న రెమ్మలను ఈ శీతాకాలంలో తీసేయకండి. అవి లేకపోయినా దిగులుపడకండి, ఎందుకంటే పైనుంచి దిగే ఆక్సిన్ ఆగిపోగానే ఉంగరం కింద నిద్రపోతున్న మొగ్గలు తరచూ వాటంతట అవే మేలుకుంటాయి. జూన్, జూలై నెలల్లో సుద్దగీత దగ్గర ఒక రెమ్మ పుడితే దాన్ని కంటికి రెప్పలా చూసుకోండి. నరకకముందే మీ చెట్టు తన కొత్త తలను చూపించినట్టే.

ఉంగరం తీసే పనిలో ఎల్మ్‌కు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. ఇది గాయాన్ని చాలా వేగంగా పూడ్చుకునే చెట్టు. కింది అంచుకూ పై అంచుకూ మధ్య సన్నటి బెరడు వంతెన ఒక్కటి ఏర్పడినా చక్కెర దాని మీదుగా దిగిపోతుంది, వేళ్లు రావు. కాబట్టి ఉంగరం వెడల్పు ఆ చోట కాండం మందానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి; 6 సెంటీమీటర్ల కాండానికి 9 సెంటీమీటర్లు. పదునైన కత్తితో పైనా కిందా చెక్క తగిలేదాకా గుండ్రంగా గాటు పెట్టి, నిలువుగా ఒక గాటు తీసి, బెరడును ఒలవండి. లోపలి చెక్క పాలమీగడ రంగులో తడితడిగా మెరుస్తూ, వేలు పెడితే కోసిన బెండకాయలా జారుతుంది. ఆ జారుడే మళ్లీ బెరడును పుట్టించే కాంబియం పొర. కత్తిని నిలువుగా పట్టుకుని, వేలికి జారుడు పోయి పొడి కర్రలా గరుకుగా తగిలేదాకా చుట్టూ గీకండి. మొహమాటపడి సగం గీకిన అంట్లే ఎక్కువగా విఫలమవుతాయి. తర్వాత పై అంచుకు మాత్రమే వేరు హార్మోను పొడి అద్ది, గంటసేపు నానబెట్టి గట్టిగా పిండిన స్పాగ్నం నాచును రెండు పిడికిళ్ల మందాన చుట్టూ పేర్చి, పాలిథిన్ కాగితం చుట్టి, పైనా కిందా బిగించి కట్టండి. పై అంచు నాచు మధ్యలోకి రావాలి. ఎండ నేరుగా తగిలి నాచు ఉడికిపోకుండా దాని మీద అల్యూమినియం రేకు చుట్టండి. వారానికోసారి నాచును చేత్తో నొక్కి చూసి, తేలికగా అనిపిస్తే సిరంజితో నీళ్లు పట్టించండి. ఈ కాలమంతా పైభాగంలో ఒక్క కొమ్మ కూడా కత్తిరించకండి.

6 నుంచి 10 వారాల్లో పాలిథిన్ వెనక తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. ఆ తెలుపును చూసి ఆశపడకూడదని నేను నేర్చుకున్నది నష్టపోయాకే. చాలా ఏళ్ల క్రితం నా మొదటి ఎల్మ్ అంటును వేళ్లు కనిపించిన మూడో రోజే కోసేశాను. ఎన్ని వచ్చాయో చూడాలన్న ఆత్రంతో నాచును కూడా విదిలించాను. తెల్ల వేళ్లు ములక్కాడ ఈనెల్లా కాదు, మొలకెత్తిన పెసలకు వచ్చే తోకల్లా ఉంటాయి. ముట్టుకుంటే చాలు పుటుక్కున విరుగుతాయి. సగానికి పైగా నా చేతిలోనే విరిగిపోయాయి. మొక్క పదిరోజులు పచ్చగానే ఉండి, ఆ తర్వాత రెండు రోజుల్లో పూర్తిగా వాడిపోయింది. ఐదేళ్లు పెంచిన కొమ్మ అది, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. కనుక తెల్ల వేళ్లు లేత గోధుమరంగుకు మారి, పక్కలకు పిల్లవేళ్లు తొడిగి, నాచులో నాలుగు వైపులా అల్లుకున్నాయని రూఢి అయ్యేదాకా ఆగండి. కోసేటప్పుడు నాచు మూటకు కింద రంపం పెట్టి, నాచును ఏమాత్రం కదపకుండా, మూటతో సహా గరుకు మట్టి నింపిన కుండీలో నాటి, గాలికి ఊగకుండా కుండీ అడుగు రంధ్రాల గుండా తీగతో కట్టేయండి. ఊగే మొక్కకు వేరు పట్టదు. రెండు మూడు వారాలు నీడలో ఉంచండి. నాచును విడదీసి వేళ్లు సర్దే పని వచ్చే వసంతానికి వాయిదా వేయండి.

వేరు చేసే గడువును వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. మీ ప్రాంతంలో మొదటి మంచు సాధారణంగా అక్టోబర్ చివర పడుతుంది. అంతకు కనీసం ఆరు వారాల ముందు, అంటే సెప్టెంబర్ నడిమికల్లా అంటు కుండీలోకి చేరి ఉండాలి. అప్పటికి వేళ్లు సరిపోవనిపిస్తే బలవంతంగా కోయవద్దు. నాచు మూట మీద గోనెగుడ్డ మందంగా చుట్టి గడ్డకట్టకుండా కాపాడి, చెట్టు మీదే ఉంచి, వసంతంలో మొగ్గలు ఉబ్బకముందు వేరు చేయండి. ఆగస్టులో అంటు కట్టవద్దనేది కూడా ఈ లెక్కవల్లే.

ఇప్పుడు తల్లి చెట్టు సంగతి. అంటు వేరు చేసిన రోజే సుద్దగీత దగ్గర కూడా కోసేస్తే పని అయిపోతుందని అనిపిస్తుంది. ఆ పని చేయకండి. శరదృతువు ముందు పడిన పెద్ద కోత చెట్టును కొత్త చిగుళ్లకు పురికొల్పుతుంది. ఆ చిగుళ్లు గట్టిపడేలోపే మంచు వాటిని మాడ్చేస్తుంది. ఆ మోడును అలాగే వదిలేసి, కింద రెమ్మలకు రెండు నెలలు ఎండ తిననివ్వండి. ఫిబ్రవరి చివర, మొగ్గలు ఇంకా గట్టిగా ముడుచుకుని ఉండగా, వేళ్లలో నిల్వ నిండుగా ఉన్నప్పుడు అసలు కోత వేయండి. గీతకు రెండు సెంటీమీటర్ల పైన, ఏటవాలుగా కాక బల్లపరుపుగా కోసి, అంచును పదునైన కత్తితో నున్నగా చెక్కి, గాయానికి వాడే లేపనం రాయండి. ఏటవాలు కోత మరుసటి ఏడాది మాట. ఏ వైపు బెరడు బతుకుతుందో, ఏ రెమ్మ తలగా నిలుస్తుందో తెలియకముందే ఏటవాలుగా కోస్తే కొన్నిసార్లు బెరడు కింది దాకా ఎండిపోయి మీరు ఎంచుకున్న గీతే దాటిపోతుంది.

అంటు మొక్కకు కూడా కోత కావాలి కదా అని మీరు అడుగుతారు. కావాలి, కానీ వేరు చేశాక రెండు పూర్తి వేసవులు దాన్ని ముట్టుకోకండి. వేళ్లు కుండీ నింపి, రెమ్మలు అడుగున్నర పొడవు సాగిన ఏడాది తర్వాతి ఫిబ్రవరిలో దాని వంతు.

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని డాలస్ దగ్గర ఉంటాం. స్నేహితుల పొలంలో, వారి అనుమతితో, జనవరిలో ఒక సీడార్ ఎల్మ్‌ను తవ్వి తెచ్చి 25 సెంటీమీటర్ల ఎత్తున నరికి కుండీలో పెట్టాను. ఏప్రిల్‌లో కోత అంచు చుట్టూ గుత్తులుగా చిగుళ్లు వచ్చాయి. అయితే మొదలు దగ్గర వేళ్లన్నీ ఒకవైపే ఉన్నాయి. ఈ మే నెలలోనే మొదలు దగ్గర అంటు కట్టి చుట్టూ కొత్త వేళ్లు తెప్పించవచ్చా?

జవాబు: ఈ మే నెలలో వద్దు. వచ్చే మే కూడా బహుశా తొందరే అవుతుంది. టెక్సాస్ నేలకు సొంతమైన ఈ సీడార్ ఎల్మ్, శీతాకాలం మధ్యలో వేరు కోతనూ కాండం కోతనూ ఒకేసారి తట్టుకోగల చెట్టు. అంతవరకు మీరు సరైన కాలంలోనే సరైన పని చేశారు. కానీ ఇప్పుడు ఆ చిగుళ్లు మీరు కోసిన వేళ్లను తిరిగి కట్టే పనిలో ఉన్నాయి. మొదలు దగ్గర ఉంగరం ఒలిస్తే ఆ కట్టడం అక్కడితో ఆగిపోతుంది, కొత్త వేళ్లు పుట్టించడానికి చాలినంత ఆకూ లేదు. రెమ్మలు ఒక వేసవంతా కత్తెర తగలకుండా పెరిగి, రెండో వసంతంలో మరింత బలంగా సాగితే, ఆ తర్వాతి వసంతంలో ఆకు ముదిరాక మట్టి మట్టానికి కాస్త పైన ఉంగరం తీసి, ఆ చోటు మునిగేలా మట్టి ఎగదోయండి. మీలాంటి సమస్య ఉన్న ఇతర పాఠకులు గమనించవలసింది ఏమిటంటే, వేళ్ల లోపం ముందే కనిపించిన పెరటి చెట్టుకైతే మొదలు దగ్గరి అంటు ముందు, నరుకుడు తర్వాత. నిండైన తల ఉన్నప్పుడే మొదలు దగ్గర వేళ్లు త్వరగా వస్తాయి.

ఈలోగా చిగుళ్ల సంగతి చూడండి. కోత అంచున ఒకే చోట పది పదిహేను రెమ్మలను వదిలేస్తే ఆ అంచంతా మెడకు గండమాల వచ్చినట్టు ఉబ్బిపోయి, ఎన్నేళ్లయినా ఆ వికారం తగ్గదు. 5, 6 వారాలు పెరగనిచ్చి, తల కాదగిన ఒకదాన్ని, దానికి ఏదైనా అయితే అక్కరకు రావడానికి మరో రెండింటిని, కింద కొమ్మలు కాదగిన వాటిని ఉంచి తక్కినవి వేలితో చిదిమేయండి. అంచు నుంచి పుట్టిన రెమ్మ మొదటి నెలల్లో చెక్కలో నాటుకుని ఉండదు, పైపైన అతుక్కుని ఉంటుంది. తీగ చుట్టబోతే మొదలంటా ఊడి చేతికి వస్తుంది. ఎండాకాలం సగం గడిచాక, రెమ్మ కింద గోధుమరంగు బెరడు కమ్మాకే వంచండి. ఎంచుకున్న తలను నిలువునా వదిలేయండి. మీటరు పొడవు పెరిగినా చూసి బెంగపడకండి, ఆ పొడవే అతుకు దగ్గర లావును తెస్తుంది. అతుకు దగ్గర దాని మందం మోడు మందంలో సగం దాటినప్పుడు, మళ్లీ ఒక ఫిబ్రవరిలో, మొదటి భాగం కన్నా తక్కువ ఎత్తున దాన్ని కోయాలి. కుండీలో దీనికి చాలా ఏళ్లు పడుతుంది, నేలలో నాటగలిగితే అందులో సగం కాలం చాలు.

ప్రశ్న: విన్నిపెగ్‌లో మా ఇంటి వెనక తనంతట తానే మొలిచిన అమెరికన్ ఎల్మ్‌ను మూడేళ్ల క్రితం కుండీలోకి మార్చాను. జూన్‌లో గాలి అంటు కడదామనుకుంటే, ఆ నెలలో ఎల్మ్‌ను కోయడం చట్టవిరుద్ధమని పొరుగాయన హెచ్చరించారు. నిజమేనా? కుండీలోని చిన్న చెట్టుకు కూడా వర్తిస్తుందా?

జవాబు: మీ పొరుగాయన మంచి మాట చెప్పారు. మీ మానిటోబా రాష్ట్రంలో ఏటా ఏప్రిల్ 1 నుంచి జూలై 31 వరకు అమెరికన్ ఎల్మ్‌నూ, సైబీరియన్ ఎల్మ్‌నూ కత్తిరించడం నిషేధం. అల్బర్టాలో ఆ గడువు సెప్టెంబర్ 30 దాకా సాగుతుంది. దీనికి కారణం డచ్ ఎల్మ్ తెగులు. పేరు చూసి ఆ తెగులు హాలండ్‌లో పుట్టిందనుకుంటారు గానీ, దానికి ఆ పేరు వచ్చింది దాన్ని మొదట శోధించినవారి వల్ల. 1920ల ఆరంభంలో బెయా ష్వార్ట్జ్ అనే డచ్ శాస్త్రవేత్త ఈ చావులకు కారణం ఒక శిలీంధ్రమని తేల్చారు. అది 1930లో అమెరికాలోని ఒహాయోలో కనిపించి, ఆ తర్వాత దశాబ్దాల్లో వీధుల మీద గొడుగు పట్టినట్టు పెరిగిన ఎల్మ్‌లను కోట్ల సంఖ్యలో బలిగొంది. శిలీంధ్రాన్ని మోసుకొచ్చేది ఎల్మ్ బెరడు కింద బతికే చిన్న పురుగు. తాజా గాయం వాసన దాన్ని దూరం నుంచి రప్పిస్తుంది. శిలీంధ్రం నీరు పారే గొట్టాల్లో చేరితే ఆ చెట్టు ఒక్క వేసవిలోనే ఎండిపోవచ్చు.

ఉంగరం ఒలవడం చట్టం దృష్టిలో కత్తిరింపు అవుతుందా కాదా అన్నది మీ నగర వృక్ష విభాగాన్ని అడిగి తెలుసుకోండి. పురుగుకు మాత్రం ఆ తేడా తెలియదు. దానికి అది రసం కారే గాయమే. మీ కుండీలోని చెట్టుకు తగిలిన తెగులు అక్కడితో ఆగక వీధిలోని వందేళ్ల చెట్టుకు పాకితే ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. పైగా మీ ఊళ్లో ఆకు ముదిరేది జూన్‌లో, మంచు మళ్లీ పడేది సెప్టెంబర్‌లో. మధ్యలో ఉన్న మూడు నెలలు అంటు వేళ్లు ముదరడానికి చాలీచాలని కాలం. కాబట్టి ఈ చెట్టుకు అంటు ఆలోచన మానుకుని, కాండం కోతతోనే సరిపెట్టుకోమని నా సలహా. చలికి కాపాడే గరాజులో ఉన్న కుండీ చెట్టయితే మార్చి నెలలో, ఏప్రిల్ 1 రాకముందే, నరికి లేపనం రాయండి. నరికిన ముక్కను పెరట్లో దాచకండి. బెరడుతో ఉన్న ఎల్మ్ కట్టెను నిల్వ చేయడం కూడా మీ దగ్గర నిషిద్ధమే, ఎందుకంటే ఆ పురుగు అలాంటి కట్టెలోనే గుడ్లు పెడుతుంది.

మరో చెట్టు కావాలంటే దారి ఇంకొకటి ఉంది. ఎల్మ్ వేరు ముక్క నుంచి కూడా మొలుస్తుంది. వసంతంలో కుండీ మార్చేటప్పుడు తీసేసే పెన్సిల్ లావు వేళ్లను పది సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, చెట్టువైపు ఉన్న కొనను పైకి ఉంచి, అది మట్టి పైకి కాస్త కనిపించేలా నాటండి. చైనీస్ ఎల్మ్‌లో ఇది మరీ తేలిక. వంకర తిరిగిన వేరు ముక్క దొరికితే, కాండంలో కోసి సాధించవలసిన వంపు దాంట్లో పుట్టుకతోనే ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా డాబా మీద ఎస్ ఆకారంలో తిరిగిన చైనీస్ ఎల్మ్ కుండీ ఉంది. దాని పైభాగాన్ని అంటు కట్టి తీసి, చెట్టును పొట్టి చేయాలని ఉంది. మనకు చలికాలంలో ఆకు పూర్తిగా రాలదు, మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. అమెరికావారి లెక్క మనకు పనికొస్తుందా?

జవాబు: ముందు అంటు, తర్వాత కోత అన్న వరస పనికొస్తుంది, వారి నెలలు మాత్రం పనికిరావు. మే నెలలో డాబా మీద నాచు మూట ఉదయం పదిగంటలకే వేడెక్కుతుంది, దాన్ని ఎంత తడిపినా వేళ్లు మాడిపోతాయి. జామకూ, దానిమ్మకూ మన రైతులు గాలి అంట్లు కట్టే కాలమే మీకూ కాలం. తొలకరి పడి, గాలిలో తేమ నిలిచి, వానకు వచ్చిన కొత్త ఆకు ముదిరిన జూలై మొదటి వారాల్లో కట్టండి. నాచు దొరకకపోతే కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరి పొట్టు వాడవచ్చు, కాకపోతే అది త్వరగా ఆరుతుంది కనుక రెండు రోజులకోసారి చూడాలి. మనకు మంచు గండం లేదు కాబట్టి వేరు చేయడానికి తొందర లేదు. దసరా, దీపావళి మధ్య వేళ్లు గోధుమరంగు తిరిగాక కోయండి.

కాండం కోత జనవరి చివర వేయండి. చలికి చెట్టు పెరుగుదల నెమ్మదించి, సగం ఆకు పసుపు తిరిగి, ఫిబ్రవరి చిగుళ్లకు ముందు దొరికే ఆ రెండు మూడు వారాలే మనకు శీతాకాల విశ్రాంతి. రాత్రి చలి తగ్గి మొగ్గల కొనలు పచ్చబడితే ఆ ఏడాదికి ఆలస్యమైనట్టే. గాయానికి పురుగుమందుల దుకాణంలో దొరికే బోర్డో పేస్టు చాలు. కోసిన తర్వాత మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నపు ఎండ తగలకుండా 50 శాతం నీడ వల కింద ఉంచండి, ఎందుకంటే ఆకుల నీడ పోయిన మోడు బెరడు మన ఎండకు పడమటివైపు కాలిపోతుంది.

ఎల్మ్ కుటుంబం మీద మక్కువ ఉంటే మన నెమలినార చెట్టును కూడా చూడండి. అడవి అంచుల్లో, పొలం గట్ల మీద పెరిగే ఈ చెట్టు అదే కుటుంబానికి చెందినది, నరికితే మోడు నుంచి బాగా చిగురిస్తుంది. ఆకు అరచేతంత పెద్దది కనుక చిన్న కుండీకి నప్పదు, రెండున్నర అడుగుల ఎత్తు పెద్ద బోన్సాయ్‌కి తగుతుంది. నర్సరీలో విత్తనపు మొక్క దొరికితే ముందు నేలలో నాటి, మొదలు మణికట్టంత లావు అయ్యేదాకా రంపాన్ని దగ్గరికి రానివ్వకండి.